బాబుకి ఇంగ్లీష్ వచ్చు కదా, మరి ఈఎస్ఎల్‌లో ఎందుకు వేశారు?

ప్రశ్న: అక్కా నమస్తే. మేం మొన్న జూలైలో హైదరాబాద్ నుంచి డాలస్ దగ్గరకి వచ్చాం. బాబుకి ఏడేళ్ళు, సెకండ్ గ్రేడ్‌లో వేశాం. నిజాంపేటలో నర్సరీ నుంచీ ఇంగ్లీష్ మీడియమే, ఎప్పుడూ క్లాస్ ఫస్టో సెకండో. ఇక్కడ స్కూల్ ఫామ్‌లో ఇంట్లో ఏం భాష అని అడిగితే తెలుగు అని రాశాను, అదే నేను చేసిన తప్పట. లాస్ లింక్స్ అని ఏదో టెస్ట్ పెట్టి "ఎమర్జెంట్ బైలింగ్వల్" అని లెటర్ పంపించారు, ఈఎస్ఎల్‌లో, అంటే ఇంగ్లీష్‌ని రెండో భాషగా నేర్పే ప్రోగ్రామ్‌లో వేస్తాం, ఒప్పుకుంటే సంతకం పెట్టండి అన్నారు. మార్కులు వినడం 4, మాట్లాడటం 3, చదవడం 4, రాయడం 2. నా ఫ్రెండ్ ఏమో ఇంగ్లీష్ అని రాస్తే సరిపోయేదానికి చేజేతులా ట్యాగ్ తగిలించావు, ఇంక జీటీకి (బాగా తెలివైన పిల్లల ప్రోగ్రామ్) కూడా పంపరు అంటోంది. మా ఆయన వద్దని సంతకం పెట్టేద్దాం అంటున్నారు. మా అత్తగారు వీడియో కాల్‌లో "ఇక వాడితో తెలుగు మానేయండి" అన్నారు. వచ్చే ఏడాది పాపని కిండర్‌గార్టెన్‌లో వెయ్యాలి, దానికైనా ఇంగ్లీష్ అని రాయనా? శుక్రవారం లోపు సంతకం పెట్టాలి. — ఒక అమ్మ, టెక్సాస్

జవాబు: అక్కా అన్నావు కాబట్టి నువ్వు అనే అంటాను, ఏమీ అనుకోకు. ముందు మీ ఆయన్ని ఆ పెన్ను కింద పెట్టమను, శుక్రవారం దాకా టైముంది. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను, ఫ్రెండ్ ఏమంది ఆయన ఏమన్నారు అత్తగారు ఏమన్నారు అని అంతా వివరంగా రాసి అసలు సంగతి మాత్రం ఒక్క లైన్లో తేల్చేశావు, 4, 3, 4, 2 అని. నాకు మీ బాబు కనిపించింది ఆ ఒక్క లైన్లోనే, మిగతాదంతా పెద్దవాళ్ళ కంగారు.

నేను ఈఎస్ఎల్ టీచర్ని, పన్నెండేళ్ళుగా ఇదే పని. అంతకంటే ముందు మా అమ్మాయికి ఇలాంటి లెటరే వస్తే కార్ పార్కింగ్‌లో కూర్చుని ఏడ్చిన తల్లిని కూడా నేనే, కాబట్టి నీ బాధ నాకు కొత్త కాదు. నేను గుంటూరులో ఎంఏ ఇంగ్లీష్ చదివాను, నా కూతురికి ఇంగ్లీష్ రాదంటారా అని ఎంత రోషం వచ్చిందో.

ఆ ఫామ్ సంగతి చూద్దాం. అది నీకోసం పెట్టిన ఉచ్చు కాదు. శాన్ ఫ్రాన్సిస్కోలో 1,800 మంది దాకా చైనా పిల్లల్ని ఏ సాయమూ లేకుండా ఇంగ్లీష్ క్లాసుల్లో కూర్చోబెట్టేస్తే వాళ్ళ తరఫున కేసు వేశారు, అది సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది, 1974లో లావ్ వర్సెస్ నికల్స్ అని తీర్పొచ్చింది, అందరికీ ఒకే పుస్తకం ఒకే టీచర్ ఇచ్చేశాం కాబట్టి సమానంగా చూశాం అంటే కుదరదు, పిల్లాడికి భాష అర్థం కాకపోతే అది సమానం కాదు అని. అప్పట్నుంచీ స్కూళ్ళు ఇలాంటి పిల్లలు ఎవరో కనుక్కోవాలి, కనుక్కోవాలంటే ముందు ఇంట్లో ఏం మాట్లాడతారో అడగాలి. తెలుగు అని రాసినంత మాత్రాన ట్యాగ్ పడదు, టెస్ట్ మాత్రమే పెడతారు. ట్యాగ్ వచ్చేది ఆ టెస్ట్‌లో మార్కులు తక్కువొస్తేనే. నా దగ్గరకి తెలుగు అని రాసి, టెస్ట్ పాసై, ఏ ట్యాగూ లేకుండా వెళ్ళిపోయిన పిల్లలు ఏటా ఉంటారు. "ఎమర్జెంట్ బైలింగ్వల్" అనే పేరు కూడా టెక్సాస్ చట్టంలో 2021లో మార్చిన పేరే, అంతకుముందు చట్టంలో ఇంగ్లీష్ పరిమితంగా వచ్చిన విద్యార్థి అని ఉండేది, స్కూళ్ళలో ఇంగ్లీష్ లెర్నర్ అనేవాళ్ళు, రెండో భాష చేతికొస్తున్న పిల్లాడు అని దాని అర్థం, అందులో చిన్నతనం ఏమీ లేదు.

ఇప్పుడు ఆ అంకెలు. లాస్ లింక్స్‌లో 1 నుంచి 5 దాకా మెట్లు ఉంటాయి, 4 వస్తే ఆ విభాగంలో వచ్చినట్టే లెక్క. అంటే మీవాడు వినడంలో పాస్, చదవడంలో పాస్. మాట్లాడటం ఒక మెట్టు తక్కువ, రాయడం రెండు మెట్లు తక్కువ. ఇది చూడగానే వీడు హైదరాబాద్‌లోనో విజయవాడలోనో మంచి పేరున్న స్కూల్లో చదివాడు అని కళ్ళు మూసుకుని చెప్పేస్తాను, ఎందుకంటే అక్కణ్ణుంచి వచ్చిన పిల్లలందరికీ దాదాపు ఇదే వరస, 4-3-4-2, ఒక్కోసారి 4-2-5-2.

వాడి పాత నోట్సులు సూట్‌కేస్‌లో పెట్టుకొచ్చావా? ఉంటే తీసి చూడు. అక్షరాలు ముత్యాల్లా ఉంటాయి, నాలుగు గీతల మధ్య కర్సివ్, మార్జిన్, డేట్, పేజీకి రెండు టిక్కులు ఒక స్టార్. అందులో వాడి సొంత వాక్యం ఒక్కటి వెతుకు. నేనైతే చాలా నోట్సుల్లో వెతికాను, దొరకలేదు. బోర్డు మీద ప్రశ్న, బోర్డు మీదే జవాబు, పిల్లాడు దించుకుంటాడు, ఇంటికొచ్చి బట్టీ పడతాడు, పరీక్షలో మళ్ళీ అదే దించుతాడు. తప్పు పట్టట్లేదు, అరవై మందిని పెట్టుకుని ఆ టీచరమ్మ ఇంకేం చేస్తుంది పాపం. కానీ ఇక్కడి రాత పరీక్షలో బొమ్మ చూపించి ఇందులో ఏం జరిగిందో నువ్వే రాయి అంటారు, అప్పుడు మన క్లాస్ ఫస్ట్ పిల్లాడు ఎరేజర్ నములుతూ కూర్చుంటాడు (వాడు దాన్ని రబ్బర్ అంటాడు, ఇక్కడెవరికీ అర్థం కాదు, అదొక గొడవ). ఆ 2 వాడి తెలివికి వచ్చిన మార్కు కాదు, ఇన్నాళ్ళూ ఎవరూ వాడిని అడగని పనికి వచ్చిన మార్కు.

మాట్లాడటంలో 3 ఎలా వస్తుందో కూడా చెప్తాను. అసలు టెస్ట్‌లో ఏముందో చెప్పకూడదు, మేం సంతకాలు పెట్టి ఉంటాం, అందుకని నా క్లాసులో జరిగింది చెప్తాను. ఒక పిల్లాడు, తెనాలి వైపు నుంచి కొత్తగా వచ్చాడు, మీవాడి ఈడే. ఒక బొమ్మ చూపించాను, పార్కులో ఒక కుక్క, ఒక అబ్బాయి, తెగిన గాలిపటం. ఏం జరుగుతోంది చెప్పు అని ఇంగ్లీష్‌లో అడిగితే "డాగ్" అన్నాడు. ఇంకా చెప్పు నాన్నా అంటే కాసేపు ఆలోచించి "బ్రౌన్ డాగ్" అన్నాడు. అంతే. మూడోసారి అడిగితే చేతులు కట్టుకుని నిలబడ్డాడు, టీచర్‌కి కోపమొచ్చింది అనుకున్నాడేమో. మార్కు వేసుకున్నాక ఉండబట్టలేక పక్కకి తీసుకెళ్ళి తెలుగులో అడిగాను, ఏమైందిరా అక్కడ అని. ఇంక చూడు: "ఈ కుక్క ఉంది కదా మేడమ్, అది గాలిపటాన్ని పక్షి అనుకుంది, అందుకని దారం పట్టుకుని లాగేసింది, లాగేసరికి తెగిపోయింది, ఆ అబ్బాయి ఏడుస్తున్నాడు గానీ కుక్కని కొట్టడు, ఎందుకంటే అది వాళ్ళ కుక్కే, చూడండి మెడలో బెల్టుంది." కుక్క పక్షి అనుకుందని బొమ్మలో ఎక్కడా లేదు, అది వాడి ఊహ. బెల్టుని బట్టి కుక్క ఎవరిదో తేల్చాడు, అది వాడి తర్కం. ఏడేళ్ళ పిల్లాడికి అంతకంటే ఏం కావాలి? కథంతా వాడి దగ్గర ఉంది, వాడికి ఇంగ్లీష్‌లో లేనివి అందుకని, ఎందుకంటే, లాగేసరికి, గానీ, ఈ నాలుగు ముక్కలే. డాగ్, కైట్, బాయ్, క్రై, అన్నీ వాడికి వచ్చు. వాటిని కుట్టే దారం లేదు.

ఈ టెస్టులు కొలిచేది కూడా ఆ దారాన్నే, యాసని కాదు. జడ్‌ని జె లాగా పలికాడనో, వి కి డబ్ల్యూ కి తేడా చూపించలేదనో మార్కు పోదు, వినేవాడికి అర్థమైతే చాలు. పిల్లాడు ఒక్క ముక్కలో ఆగిపోతున్నాడా, వాక్యం చేస్తున్నాడా, రెండు వాక్యాల్ని కారణంతో కలుపుతున్నాడా, అది చూస్తారు.

నువ్వు "మావాడు పార్కులో అందరితో గడగడా మాట్లాడేస్తున్నాడు, మరి 3 ఏంటి" అని అడుగుతావని తెలుసు, అందరూ అడుగుతారు. జిమ్ కమిన్స్ అని కెనడా ప్రొఫెసర్ 1979లోనే ఈ రెండూ వేరు అని చెప్పాడు. ఆటల ఇంగ్లీష్ ఒకటి, పాఠాల ఇంగ్లీష్ ఒకటి. మొదటిది రెండేళ్ళలో వచ్చేస్తుంది, నా వంతు, బాల్ ఇవ్వు, అది చీటింగ్, వీటికి ఎదురుగా మనిషి ఉంటాడు, చెయ్యి చూపించొచ్చు, సగం పని మొహమే చేస్తుంది. రెండోది తోటి పిల్లలతో సమానంగా రావడానికి ఐదు నుంచి ఏడేళ్ళు పట్టొచ్చు అంటారు. గొంగళిపురుగు సీతాకోకచిలుక ఎలా అవుతుందో వరసగా చెప్పు, ఈ రెండు కథల్లో తేడా చెప్పు, నువ్వెందుకు అలా అనుకుంటున్నావో పుస్తకంలోంచి చూపించు, ఇలాంటివి. స్కూల్ అంతా నడిచేది దీనిమీదే, సెకండ్ గ్రేడ్‌లో అంతగా తెలీదు గానీ నాలుగు ఐదు గ్రేడ్‌లకి వచ్చేసరికి సైన్స్ లెక్కలు కూడా ఈ ఇంగ్లీష్ దగ్గరే ఇరుక్కుంటాయి.

సంతకం సంగతికి వస్తా. వద్దు అని పెట్టడం మీ హక్కు, ఎవరూ కాదనరు. కానీ వద్దంటే ఏం పోతుంది ఏం పోదు అనేది మీ ఆయనకి ఎవరూ చెప్పినట్టు లేరు. సాయం పోతుంది, ట్యాగ్ పోదు. రికార్డులో వాడు ఎమర్జెంట్ బైలింగ్వల్ గానే ఉంటాడు, పక్కన తల్లిదండ్రులు వద్దన్నారు అని రాసుకుంటారు, ఏటా ఫిబ్రవరి మార్చిలో టెల్పాస్ అనే రాష్ట్ర ఇంగ్లీష్ టెస్ట్ మాత్రం రాయాల్సిందే, పాసై బయటపడేదాకా. అంటే ఈత నేర్పొద్దు గానీ ఏటా చెరువులో దింపి చూడండి అన్నట్టు. వద్దన్నవాళ్ళ పిల్లలు అస్సలు బయటపడరని కాదు, పడతారు, కానీ రాయడంలో 2 ఉన్న పిల్లాడికి ఫ్రీగా వచ్చే సాయాన్ని పరువు కోసం వదులుకుని బయట గంటకి ఇంతని ట్యూషన్ పెట్టించే తల్లిదండ్రుల్ని చూస్తే మాత్రం నాకు ఒళ్ళు మండుతుంది.

పైగా మీ ఆయన ఈఎస్ఎల్ అంటే వాడినెక్కడో వేరే గదిలో వెనకబడిన పిల్లల మధ్య కూర్చోబెడతారు అని ఊహించుకుంటున్నారేమో. చాలాచోట్ల అలా ఉండదు. ఒకటేమో వాడి క్లాస్ టీచర్‌కే ఈఎస్ఎల్ సర్టిఫికేషన్ ఉంటుంది, అదే క్లాసులో అందరితో పాటే కూర్చుంటాడు, ఆవిడే పాఠంలో బొమ్మలు, వాక్యం మొదలుపెట్టి ఇవ్వడం లాంటివి కలుపుతుంది, పక్క పిల్లాడికి తెలియను కూడా తెలీదు. ఇంకోటి పుల్ అవుట్, రోజులో కాసేపు బయటకి తీసుకెళ్ళి చిన్న గ్రూపుగా చెప్తారు. మీ స్కూల్లో ఏదో కనుక్కో. పుల్ అవుట్ అయితే ఏ పీరియడ్‌లోంచి తీసుకెళ్తారు అనేది తప్పకుండా అడుగు, లెక్కల్లోంచి అయితే నేనైనా గట్టిగా మాట్లాడతాను.

బయటపడటం ఎలా అంటే, ఏడాది చివర ఎల్‌పాక్ అనే స్కూల్ కమిటీ కూర్చుని చూస్తుంది, టెల్పాస్‌లో నాలుగు విభాగాలు, చదవడంలో రాష్ట్రం ఒప్పుకున్న ఒక టెస్ట్ (మూడో గ్రేడ్ నుంచి అయితే రాష్ట్ర పరీక్షలో రీడింగ్), ఆ పైన టీచర్ అభిప్రాయం. టెల్పాస్‌లో కూడా మెట్లుంటాయి, అవి ఎక్కుతూ పైకి రావాలి. బయటపడ్డాక కూడా రెండేళ్ళు ఓ కన్నేసి ఉంచుతారు. సెకండ్ గ్రేడ్ నుంచి టెల్పాస్ కంప్యూటర్ మీదే, మాట్లాడే భాగంలో హెడ్‌సెట్ పెట్టుకుని మైకులో చెప్పాలి, ఎదురుగా తల ఊపే మనిషి ఉండదు. మన పిల్లలు, ఇంగ్లీష్ బాగా వచ్చినవాళ్ళు కూడా, దెబ్బతినేది ఇక్కడే. "నీకిష్టమైన ఆట ఏది, ఎందుకు" అంటే "క్రికెట్" అని చెప్పి స్టాప్ నొక్కేస్తారు, తర్వాత ఇంటికొచ్చి చాలా ఈజీ అమ్మా అందరికంటే ముందు నేనే అయిపోగొట్టా అంటారు. అందుకని ఇప్పట్నుంచే ఫోన్‌లో రికార్డింగ్ ఆన్ చేసి ఈరోజు లంచ్‌లో ఏమైంది ఒక నిమిషం ఆపకుండా చెప్పు అని అలవాటు చెయ్యి, వాడే విని నవ్వుకుంటాడు, రెండో వారానికి నిమిషం సరిపోదంటాడు. రాయడానికి కూడా అంతే, రోజూ మూడు సొంత వాక్యాలు, తప్పులు దిద్దకు, ఎర్ర పెన్ను అసలు ముట్టుకోకు. ఏ, ఆన్, ద లు వదిలేస్తాడు, తెలుగులో వాటికి సమానమైనవి లేవు కాబట్టి వాడికవి వినపడవు, మెల్లగా వస్తాయి.

పాప ఫామ్ గురించి. ఇంట్లో మాట్లాడేది తెలుగు, తెలుగే రాయి. ఇక్కడ ఫామ్‌లో దిద్దుకునే వీలు కూడా చేరిన రెండు వారాల్లోపు, అదీ పిల్లకి టెస్ట్ పెట్టకముందే, కాబట్టి బాబు విషయంలో అది దాటిపోయింది, పాప విషయంలో అవసరమే లేదు. కిండర్‌గార్టెన్‌లో వినడం మాట్లాడటం మాత్రమే చూస్తారు, ఇంకో ఏడాది నువ్వు కథలు చెప్పించావంటే అసలు ట్యాగే పడకపోవచ్చు. పడితే మాత్రం కిండర్‌లోనే తీయరు, టెక్సాస్ రూల్ దానికి ఒప్పుకోదు, ఫస్ట్ గ్రేడ్ చివర చూస్తారు, అప్పుడు మళ్ళీ కంగారుపడి నాకు రాయకు.

ఇంగ్లీష్ అని రాస్తే ఏమవుతుందో కూడా చూశాను. ఒక అమ్మాయి, ఊరు పేరు వద్దు, తల్లిదండ్రులు ఫామ్‌లో అన్నిచోట్లా ఇంగ్లీష్ అని రాశారు, ఇంట్లో మాత్రం నానమ్మ తాతయ్య అందరూ తెలుగే. టెస్ట్ పెట్టలేదు, ట్యాగ్ లేదు, అంతా సంబరం. థర్డ్ గ్రేడ్‌కి వచ్చేసరికి ఆ పిల్ల పాఠం చదివి ఏం అర్థమైందో చెప్పలేకపోతోంది, టీచర్ ఏమనుకుంటుంది? ఇంగ్లీషే మాతృభాష అయిన పిల్ల ఇలా ఉందంటే ఏదో లర్నింగ్ సమస్య అనుకుంది, శ్రద్ధ లేదేమో అనుకుంది, నెలల తరబడి ఆ దారిలో పరీక్షలు. చివరికి ఎవరో తెలుగులో కథ చెప్పమంటే అరగంట చెప్పింది. ఒక పిల్లకి భాష రావట్లేదా, నేర్చుకోవడంలోనే ఇబ్బంది ఉందా అని తేల్చాలంటే ఇంటి భాషలో కూడా చూడాలి, తెలుగులోనూ తడబడుతుంటే అది నిజంగా చూపించుకోవాల్సిన విషయం, తెలుగులో దంచేస్తుంటే భయం లేదు. ఫామ్‌లో తెలుగు అనే మాటే లేకపోతే టీచర్‌కి ఆ ఆలోచన ఎలా వస్తుంది?

మీ అత్తగారికి నా మాటగా చెప్పు, కోపంగా కాదు. ఆవిడ మంచికే అన్నారు, కానీ నువ్వూ మీ ఆయనా మీకు సరిగ్గా రాని ఆటల ఇంగ్లీష్‌లో ఇంట్లో మాట్లాడితే వాడికి దొరికేవి "ఈట్ ఫాస్ట్, కమ్ ఫాస్ట్, డోంట్ డూ" అంతే. తెలుగులో అయితే "నిన్న పాలు పొంగిపోయాయని నాన్న గాభరాగా స్టవ్ ఆపబోయి చెయ్యి కాల్చుకున్నాడు" అని ఒక్క వాక్యంలో కారణం, వరస, ఫలితం అన్నీ వచ్చేస్తాయి. తెనాలి పిల్లాడికి బెల్టు చూసి కుక్క ఎవరిదో తేల్చడం నేర్పింది తెలుగే, ఇంగ్లీష్ దారం దొరకగానే అదంతా అటువైపు వచ్చేసింది, వాడు థర్డ్ గ్రేడ్ చివరికి బయటపడ్డాడు. అసలు ఆ వీడియో కాల్‌నే వాడుకో, రోజూ పది నిమిషాలు నానమ్మకి స్కూల్లో ఏమైందో తెలుగులో చెప్పమను, ఆవిడని మధ్యలో "ఎందుకు?", "అప్పుడేమైంది?" అని అడగమను, ఆవిడకంటే బాగా ఎవరూ అడగలేరు.

జీటీ గురించి మీ ఫ్రెండ్ చెప్పింది తప్పు. ఈ ట్యాగ్ ఉంటే జీటీకి పంపకూడదని ఎక్కడా లేదు, మాటలతో పనిలేకుండా ఆకారాలు ప్యాటర్న్‌లతో చూసే టెస్టులున్నాయి, నామినేషన్ ఎప్పుడో ఆఫీసులో అడిగి పేరు ఇచ్చెయ్యి.

ఇక ఈ రాత్రి స్కూలుకి ఒక మెయిల్ పెట్టు. ఇంగ్లీష్ బాగుండాలని కూర్చుని దిద్దకు, కావాలంటే తెలుగులో మాట్లాడే ఇంటర్‌ప్రెటర్‌ని కూడా అడగొచ్చు. మూడే ప్రశ్నలు: మా బాబుకి ఇచ్చేది క్లాసులోనే చెప్పే ఈఎస్ఎలా, పుల్ అవుటా? పుల్ అవుట్ అయితే ఏ సమయంలో? రాయడంలో 2 వచ్చింది కదా, దానికి ఈ ఏడాది ఏం చేయబోతున్నారు? మూడోదానికి వాళ్ళు సరైన జవాబిస్తే సంతకం పెట్టెయ్యండి. గొణిగి దాటేస్తే ఆ మెయిల్ నాకు పంపు, అప్పుడు ఏం అడగాలో ఇద్దరం కలిసి రాద్దాం.